రోజుకో మనిషితో పది నిమిషాల మాట

మతిమరుపు రాకూడదని పజిళ్లు చేస్తున్నారా? మంచిదే. దాంతోపాటు రోజూ ఒక మనిషితో పది నిమిషాలు తీరిగ్గా మాట్లాడండి. మెసేజ్ కాదు, మాటే. ఎదుటివాళ్లు చెప్పేది వినాలి, ముఖం చదవాలి, పాత సంగతి గుర్తు తెచ్చుకోవాలి, అప్పటికప్పుడు జవాబు వెతుక్కోవాలి. ఇన్ని పనులు మెదడు ఒకేసారి చేస్తుంది. మనసు విప్పి మాట్లాడితే టెన్షన్ కూడా తగ్గుతుంది. ఎక్కువకాలం ఉండే ఒత్తిడి మెదడులో జ్ఞాపకాలకు కీలక భాగమైన హిప్పోక్యాంపస్‌కు మంచిది కాదు.

డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బుపై లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల కమిషన్ ఇచ్చిన 2024 నివేదికలో, మనం మార్చుకోగలిగిన 14 ముప్పు కారణాల్లో ఒంటరిగా ఉండిపోవడం ఒకటి. వినికిడి లోపం కూడా అందులో ఉంది. ఈ రెండోదాన్ని చాలా ఇళ్లలో పట్టించుకోరు, నాకు బాధ అనిపించేది అదే. సరిగ్గా వినపడని పెద్దవాళ్లు మళ్లీ మళ్లీ అడగలేక మెల్లగా మాటలు తగ్గించేస్తారు. మనమేమో వయసు వల్ల అనుకుంటాం. అలా కనిపిస్తే ముందు చెవి పరీక్ష చేయించండి, అవసరమైతే వినికిడి యంత్రం పెట్టించండి.

ఎవరికి ఫోన్ చేయాలో తోచకపోతే, ఏడాదిగా పలకరించని ఒక పాత స్నేహితుడితో మొదలుపెట్టండి. ఈరోజే.