పేవర్ బ్లాకుల డిజైన్ ఎలా ఎంచుకోవాలి?

ఇంటి ముందు పేవర్లు వేయించేవాళ్లు చాలామంది షాపుకెళ్లి కేటలాగ్‌లో ఫొటో చూస్తారు, రంగు నచ్చుతుంది, అడ్వాన్స్ ఇచ్చేస్తారు. లోడు దిగాక మేస్త్రీ "ఎలా పేర్చమంటారు సార్?" అని అడిగినప్పుడు గానీ డిజైన్ గుర్తుకు రాదు. అప్పటికే రెండు వైపులా కర్బ్ (బ్లాకులు పక్కకు జరగకుండా ఆపే అంచు గట్టు) కట్టేసి ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి చక్రాలు తిరిగే దారిలో గాడి పడుతుంది, గోడ పక్కన ఇరికించిన సన్నటి ముక్కలు ఊడొస్తాయి. బ్లాకులు నాసిరకమని తిట్టుకుంటారు. చాలా ఇళ్లలో తప్పు పేర్చిన తీరులోనే ఉంటుంది.

ముందు చూడాల్సింది: అక్కడ కారు తిరుగుతుందా?

మనుషులు మాత్రమే నడిచే చోట, అంటే ఇంటి పక్క సందు, తులసికోట చుట్టూ, మొక్కల మధ్య దారి లాంటి చోట ఏ డిజైనైనా నిలుస్తుంది. మీ ఇష్టం. 50 మి.మీ. మందం చాలు.

కారు ఎక్కే చోట అలా కుదరదు. బండి బ్రేకు వేసినా, నిలబెట్టి స్టీరింగ్ తిప్పినా చక్రం బ్లాకును పక్కకు నెడుతుంది. ఆ తోపుడు పక్క బ్లాకులకు పంచుకుంటే నేల కదలదు. బ్లాకుల మధ్య సందు ఒక చివర నుంచి ఇంకో చివరకు తిన్నగా సాగితే ఆ గీత వెంబడి వరుస మొత్తం జరుగుతుంది.

ఈ లెక్కన చూడండి. గళ్ల నోటుబుక్కులా నిలువుగా, అడ్డంగా సూటిగా పేర్చితే రెండు దిక్కులా సందులు సాగిపోతాయి. కారు వచ్చే చోట ఇది వద్దు. రెండు నిలువు, రెండు అడ్డం పెట్టే చాప అల్లిక చూడ్డానికి కలిసిపోయినట్టే ఉంటుంది గానీ జతకీ జతకీ మధ్య సందులు రెండు వైపులా తిన్నగానే ఉంటాయి. అదీ వద్దు. ఇటుక గోడలా వరుసకు సగం జరిపి పేర్చితే ఒక దిక్కులోనే పొడుగు సందు మిగులుతుంది. ఇదే వేయాలనుకుంటే ఆ పొడుగు సందు కారు దారికి అడ్డంగా ఉండాలి, దారి వెంబడి ఎప్పుడూ కాదు. అన్నిటికన్నా గట్టిది హెర్రింగ్‌బోన్. ఒక బ్లాకు నిలువు, పక్కది అడ్డం, చేపముల్లులా ఒకదాని తల ఇంకోదాని నడుముకు తగులుతుంది. ఏ సందూ ఒకటిన్నర బ్లాకు పొడుగు దాటి తిన్నగా పోదు.

హెర్రింగ్‌బోన్‌లోనూ రెండు రకాలున్నాయి. గోడకు 45 డిగ్రీల ఏటవాలుగా పేర్చితే అంచు పొడవునా మూడు మూలల ముక్కలు కోయాలి. గోడకు సూటిగా 90 డిగ్రీల్లో పేర్చితే అంచుల్లో సగం ముక్కలు చాలు. ఇంటి పార్కింగ్‌కు 90 డిగ్రీలదే వేయాలి. 45 ఫొటోలో బాగుంటుంది, కానీ మన దగ్గర మూల ముక్కల్ని కట్టర్‌తో శుభ్రంగా కోసేవాళ్లు తక్కువ. సుత్తితో పగలగొట్టి సిమెంటు పూసేస్తారు.

ఆకారం సంగతి ఒక్క మాటలో: 200 × 100 మి.మీ. అని అమ్మే దీర్ఘచతురస్రం కొనండి (అసలు కొలత ఎంతుండాలో కింద చెప్తాను). జిగ్‌జాగ్, డంబెల్ ఆకారాలు బాగానే ముడిపడతాయి. కానీ రెండేళ్ల తర్వాత ఆ అచ్చు దొరక్కపోతే పగిలిన ఒక్క బ్లాకుకు జత దొరకదు. రబ్బరు అచ్చులో పోసిన నున్నటి మెరుపు బ్లాకులు వానకు జారుతాయి, ముసలివాళ్లున్న ఇంట్లో అసలే వద్దు. కారుకు 60 మి.మీ. కనీసం, 80 అయితే నిశ్చింత. ఐఎస్ 15658 (పేవర్ బ్లాకులకున్న భారతీయ ప్రమాణం) ప్రకారం పరీక్షించిన బ్లాకులేనా అని అడగండి.

అసలు మెలిక: డిజైన్ మీ కొలతలో ఇముడుతుందా?

ఇక్కడ తొందరపడకండి. పూట పట్టినా పట్టనివ్వండి.

మొదటి పరీక్ష బ్లాకు మీద. అడ్వాన్స్ ఇవ్వకముందే షాపులో మూడు బ్లాకులు తీసుకోండి. రెండింటిని మధ్యలో 2 మి.మీ. సందు వదిలి పక్కపక్కన పెట్టండి. మూడోదాన్ని వాటి తలల దగ్గర అడ్డంగా పెట్టండి. అంచులు రెండు వైపులా సరిపోవాలి. అంటే పొడుగు 200 అయితే వెడల్పు 99 ఉండాలి (99, 2, 99 కలిపితే 200). బ్లాకు కచ్చితంగా 200 × 100 ఉంటే హెర్రింగ్‌బోన్‌లో సందుకు చోటే ఉండదు. పేర్చేకొద్దీ కొన్ని సందులు మూసుకుపోయి కొన్ని నోరు తెరుస్తాయి, పదిహేనో వరుసకు డిజైన్ వంకర తిరుగుతుంది. మేస్త్రీని ఎంత కోప్పడినా అది సర్దుకోదు. అలాంటి బ్లాకుతో ఇటుక వరుస ఒక్కటే వేయగలరు. అచ్చులు అరిగేకొద్దీ సైజు మారుతుంది కాబట్టి, పది బ్లాకుల్ని వేర్వేరు కట్టల్లోంచి తీసి ఆనించి పేర్చి టేపు పెట్టి చూడండి.

రెండోది అంచుల లెక్క. 10 అడుగుల పార్కింగ్ అనుకుందాం, 3,048 మి.మీ. రెండు పక్కలా అంచు వెంబడి నిండు బ్లాకుల వరుస ఒకటి తప్పనిసరిగా పెట్టాలి, పొడుగు లోపలికి చూసేలా. సందుతో కలిపి దానికి 202 చొప్పున 404 పోయింది. మిగిలింది 2,644. బ్లాకు వెడల్పు సందుతో 101, దానితో భాగిస్తే 26 బ్లాకులకు 2,626. ఇంకా 18 మి.మీ. మిగులుతుంది. ఈ 18 మి.మీ.లోనే పని చెడేది. అంత సన్నటి ముక్క ఎవరూ కోయలేరు, కోసినా నిలవదు. సిమెంటుతో నింపితే ఎండకూ వానకూ పగిలి రాలుతుంది, అంచు వదులై లోపలి బ్లాకులన్నీ జరగడం మొదలుపెడతాయి. చేయాల్సింది సులువే: ఒక వైపు కర్బ్‌ను 18 మి.మీ. లోపలికి జరపడం. అందుకే కర్బ్ ముందు ఒక వైపే కట్టాలి. బ్లాకులు పేర్చి, అంచు వరుస కూడా వేశాక రెండో వైపు కర్బ్ దానికి ఆనించి కట్టాలి.

సంపు మూత, డ్రైనేజీ గుంత దగ్గర కూడా ఇదే పద్ధతి. మూత చుట్టూ నిండు బ్లాకుల చట్రం వేసి, డిజైన్‌ను ఆ చట్రానికి ఆనించి కోయాలి. బ్లాకులో మూడో వంతు కన్నా చిన్న ముక్క ఎక్కడా పెట్టకూడదు. అంత చిన్నది మిగిలితే పక్క నిండు బ్లాకును కూడా తీసేసి, ఆ చోటును రెండు సమానమైన ముక్కలుగా పంచండి.

మూడోది మూలమట్టం. మన ప్రహరీ గోడలు ఇంటి గోడకు సూటిగా ఉండడం అరుదు. 20 అడుగుల్లో రెండంగుళాలు తేడా మామూలే. ఖాళీ నేల మీద అది కనిపించదు, గీతలున్న డిజైన్ పడగానే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని ప్రహరీని ఆధారం చేసుకోవద్దు. గేటు మధ్య నుంచి సింహద్వారం వైపు దారం కట్టండి. దానికి అడ్డంగా ఇంకో దారం కట్టి, మూల నుంచి ఒకవైపు 6 అడుగులు, ఇంకోవైపు 8 అడుగులు కొలిచి, మధ్య దూరం 10 అడుగులు వచ్చేదాకా సర్దండి. వంకరంతా ప్రహరీ పక్కన, కుండీల కింద పోతుంది. గేటు దగ్గర నిలబడి చూసే కంటికి డిజైన్ సూటిగా కనబడాలి.

ఇదయ్యాక ఇసుక లేకుండా నాలుగడుగుల చదరంలో ఉత్తినే పేర్చి, మేడ మీద నుంచి ఒకసారి చూడండి.

మిగతాది

10 × 20 అడుగులకు సుమారు 900 బ్లాకులు పడతాయి. 90 డిగ్రీలకు 5 శాతం, 45కు 10 శాతం కలుపుకోండి. మరమ్మతుకు పాతిక పక్కన దాచండి. రంగు బ్లాకులైతే మూడు కట్టల్లోంచి కలిపి పేర్చండి, లేకపోతే మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

కింద గట్టిపరిచిన గ్రావెల్ ఆరంగుళాలు, నల్లరేగడి నేలైతే పైమట్టి తీసేసి పదంగుళాలకు తగ్గకూడదు. ఆపైన అంగుళం ఇసుక. ఇసుక బదులు డస్టులో (క్రషర్ రాతిపొడిలో) సిమెంటు కలిపి వేస్తామంటే ఒప్పుకోవద్దు, నీళ్లు దిగవు, తర్వాత ఒక్క బ్లాకు మార్చాలన్నా పగలగొట్టాలి. 50 అడుగులకు ఒక అడుగు వాలు ఇంటి నుంచి గేటు వైపు. బ్లాకులు పేర్చాక ప్లేట్ కాంపాక్టర్‌కు (అదురుతూ నేలను అణిచే యంత్రానికి) రబ్బరు షీటు కట్టి వాటి మీద తిప్పాలి. పొడి సన్నఇసుక సందుల్లోకి ఊడ్చి మళ్లీ తిప్పాలి.

గుమ్మం ముందు మాత్రం పేవర్లు వేయకండి. ముగ్గు గీత ప్రతి నాలుగంగుళాలకూ సందులో పడి తెగుతుంది, రోజూ కళ్లాపి చల్లితే సందుల్లో ఇసుక కొట్టుకుపోతుంది. అక్కడ నాలుగడుగుల చదరం తాండూరు రాయి పరిచి, చుట్టూ నిండు బ్లాకుల వరుస వేసి, అక్కడి నుంచి డిజైన్ మొదలుపెట్టండి.