కోసిన ఎముక అతకట్లేదా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

మోకాలు అరిగి దొడ్డికాలుగా మారితే, కింది ఎముకను కోసి కాలు నిటారు చేసి ప్లేటు బిగిస్తారు. ఆ తర్వాత వచ్చే ఇబ్బందులు ఇవీ.

మూడు నెలలైనా ఎక్స్‌రేలో కొత్త ఎముక కనబడట్లేదు

కోసేటప్పుడు పుట్టిన వేడి ఒక కారణం కావచ్చు. 47 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక్క నిమిషం ఉన్నా ఎముక కణాలు దెబ్బతింటాయి. మోటారు రంపం త్వరగా, తిన్నగా కోస్తుంది కానీ బ్లేడు మొద్దుబారితే కాలుస్తుంది. అందుకే సెలైన్ పోస్తూ, ఆగి ఆగి కోయాలి. ఉలి, సుత్తితో అంత వేడి పుట్టదు గానీ పగులు పక్కదారి పట్టొచ్చు. చాలామంది సర్జన్లు రంపంతో మొదలుపెట్టి చివర ఉలితో ముగిస్తారు, నాకూ అదే నచ్చుతుంది. కంపనాలతో కోసే పీజో పరికరం నరాల జోలికి పెద్దగా పోదు, కానీ నెమ్మది. దాని వాడకం ఎక్కువగా దవడ ఆపరేషన్లలోనే. దేనితో కోసినా ఎముక మీది పలుచని పొరను ఎక్కువగా గీకేస్తే రక్తం అందదు.

జరిగిన కోతను మార్చలేం. ప్లేటు గట్టిగా ఉంటే కొన్నాళ్లు ఆగి మళ్లీ ఎక్స్‌రే తీయాలి. ఈలోగా చుట్ట మానాలి. శ్రీకాకుళం పల్లెల్లో అడిగితే "మాయమ్మ సిగరెట్టు ముట్టదు బాబూ" అంటారు. నోరు తెరిపిస్తే అంగిలి తెల్లబడి ఉంటుంది. చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగను ఎవరూ పొగ లెక్కలో వేయరు మరి! నికోటిన్ రక్తనాళాలను బిగించేస్తుంది, ఎముక అతుకు ఆలస్యమవుతుంది.

కాలు మోపితే కలుక్కుమంటోంది

ఎముకను పూర్తిగా తెంచకుండా ఒక పక్క కొంచెం వదిలేస్తారు, ఆ అంచు పగిలిందో, స్క్రూ వదులైందో చూడాలి. బరువు మోపడం ఆపి ఎక్స్‌రే తీయించండి. పసరు కట్టు, మాలీషు వద్దు. ఎముక కదులుతుంటే మళ్లీ బిగించి, అవసరమైతే తుంటి ఎముక ముక్క పెడతారు. పలాస జీడి బట్టీలో గొంతుకూర్చునే పనికి డాక్టరు ఒప్పుకునేదాకా వెళ్లొద్దు.

జ్వరం, కుట్ల దగ్గర చీము

ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

రింగులు వేసి కాలు పొడవు పెంచుతుంటే, ఖాళీలో ఎముక రావట్లేదు

ఇది వేరే ఆపరేషను: ఎముకను కోసి, కాలి చుట్టూ బిగించిన రింగుల నట్లు తిప్పుతూ రెండు ముక్కలను మెల్లగా దూరం జరుపుతారు. మామూలుగా వారం ఆగి, రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున, దాన్నీ నాలుగు విడతలుగా తిప్పుతారు. తొందరపడి ఎక్కువ తిప్పితే కొత్త ఎముక సాగి పలచనవుతుంది. వేగం తగ్గించాలో, కొన్నాళ్లు ఆపాలో డాక్టరు చెప్తారు. నట్టు అసలు తిరగకపోతే బలవంతం చేయొద్దు, ఎముక ముందే అతుక్కుపోయి ఉండొచ్చు.

నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి కొనుక్కోకండి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపువాళ్లు మరీను, కిడ్నీ పరీక్ష అయ్యాకే.