మ్యూజియంలో జియస్‌ను గుర్తుపట్టడం ఎలా

జియస్ ప్రాచీన గ్రీకుల దేవతల రాజు. ముందు ఆయన పేరు సంగతి. ‘జ్యూస్’ అని టైపు చేసి నెట్‌లో వెతికితే బత్తాయి రసం బొమ్మలొస్తాయి. ‘జియస్’ అని వెతకండి. గ్రీసులో మ్యూజియం బోర్డుల మీద ఈ పేరు ఇంకోలా ఉంటుంది. నేటి గ్రీకులో ఆయన ‘దియాస్’, మొదటి అక్షరం డెల్టా, అంటే త్రిభుజం. పాత శాసనాల్లో విభక్తి మారితే పేరు రూపమే మారిపోతుంది. ప్రథమలో ‘జియస్’, ‘జియస్ యొక్క’ అనాలంటే ‘డియోస్’, ‘జియస్‌కు’ అనాలంటే ‘డియి’. మొక్కుబడి రాళ్ల మీద ఎక్కువగా కనిపించేది ఈ చివరి రూపమే. అందుకని ‘జియస్’లో మొదటిదైన జీటా అక్షరం కనబడలేదని రాయిని వదిలేయకండి, త్రిభుజంతో మొదలయ్యే చిన్న పేరుందేమో చూడండి. మరీ పాత కుండల మీద జీటాయే వేరేలా ఉంటుంది: నిలువు గీత, పైన ఒక అడ్డగీత, కింద ఒక అడ్డగీత. కొన్నిసార్లు పేరును కుడి నుంచి ఎడమకు కూడా రాశారు.

పేరు లేనప్పుడే అసలు పని మొదలవుతుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ముఖం చూసి తేల్చేయడం. ఒత్తయిన గడ్డం, భుజాల దాకా జుట్టు, కండలు తిరిగిన ఒళ్లు అన్నీ జియస్‌కు ఉంటాయి, నిజమే. కానీ ఆయన సోదరుడు, సముద్ర దేవుడు పొసైడన్‌కూ ఉంటాయి, పాతాళాన్నేలే హేడీస్‌కూ ఉంటాయి, వైద్య దేవుడు అస్క్లెపియస్‌కూ ఉంటాయి. క్రీ.పూ. 6వ శతాబ్దపు కుండల మీదైతే దేవతల దూత హెర్మీస్, ద్రాక్షసారా దేవుడు డయోనైసస్ కూడా గడ్డాలతోనే ఉంటారు. బ్రిటిష్ మ్యూజియంలో మీలోస్ దీవి నుంచి వచ్చిన ఒక పెద్ద పాలరాతి తల ఉంది. ముఖం ఒక్కటే చూస్తే ఎవరైనా జియస్ అనే అంటారు. దొరికిన చోటు అస్క్లెపియస్ గుడి కాబట్టి అది అస్క్లెపియస్‌దని తేల్చారు.

కాబట్టి మొదట చేతులు చూడండి. ఆ తర్వాత ఆయన కూర్చున్న పీట, ఆ తర్వాత పక్కనున్నవాళ్లు. జియస్ బలమంతా చేతుల్లో కనిపిస్తుంది, బలహీనతలు పక్కనున్నవాళ్లలో కనిపిస్తాయి.

కుడిచేతిలో ఉండేది పిడుగు. సినిమా పోస్టర్లలోలాగా వంకర టింకర గీతను వెతికితే దొరకదు. గ్రీకు శిల్పి చెక్కిన పిడుగు జానెడో మూరెడో పొడవున, మధ్యలో సన్నగా, రెండు కొసలా ఉబ్బి, మూసుకున్న తామర మొగ్గలు రెండింటిని తొడిమల దగ్గర కలిపి కట్టినట్టు ఉంటుంది. పట్టుకునేది నడుమ. కొన్నిటికి ఆ నడుమ దగ్గర చిన్న రెక్కలు కూడా పెడతారు. ఎడమచేతిలో సాధారణంగా నిలువెత్తు రాజదండం, దాని మీదో చేతి మీదో గద్ద. చేతిలో మూడు కొసల శూలం ఉన్నా, చేప ఉన్నా పొసైడన్. పళ్లు నిండిన కొమ్ము ఉంటే హేడీస్ కావచ్చు. పాము చుట్టుకున్న కర్ర అస్క్లెపియస్‌ది. ఐవీ ఆకుల దండ, రెండు పెద్ద పిడులున్న పానపాత్ర ఉంటే డయోనైసస్.

పిడుగు చూడగానే మనవాళ్లకు ఇంద్రుడు గుర్తొస్తాడు. దేవతల రాజరికం, పరస్త్రీల యావ, సింహాసనం పోతుందేమోనన్న బెంగ, అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. పేరులో చుట్టరికం మాత్రం ఇంద్రుడితో కాదు, ఋగ్వేదంలో ఆకాశానికి అధిదేవత అయిన ద్యౌష్పితతో. ద్యౌః పితా, జియస్ పాతేర్, రోమన్ల జూపిటర్, మూడూ ఒకే మాట నుంచి పుట్టినవి.

చేతిలో వస్తువు పోయిన విగ్రహాలే ఎక్కువ. అప్పుడు పిడికిలిని పక్క నుంచి చూడండి. లోపల రంధ్రం ఉంటే లోహపు వస్తువేదో అమర్చారన్నమాట. ఆ రంధ్రం నిలువుగా ఉంటే దండమో శూలమో అయ్యుంటుంది. దీనికి పెద్ద పరీక్ష ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. గ్రీసులోని యూబియా దీవి ఉత్తర తీరాన ఆర్టెమిసియన్ అగ్రం దగ్గర సముద్రంలోంచి 1926, 1928లలో పైకి తీసిన కంచు విగ్రహం అది. ఎత్తు 2.09 మీటర్లు, కాలం సుమారు క్రీ.పూ. 460. ఎడమచెయ్యి ముందుకు చాచి, కుడిచెయ్యి వెనక్కు ఎత్తి, దేన్నో విసరబోతున్నాడు. ఆ చేతిలోది పోయింది. పొసైడన్ అనేవాళ్లు దక్షిణ ఇటలీలోని పొసైడోనియా నాణేలు చూపిస్తారు, వాటి మీద ఆయన త్రిశూలంతో సరిగ్గా ఇలాగే నిలబడతాడు. కాబట్టి భంగిమ ఒక్కటే సాక్ష్యం కాదు. విగ్రహానికి ఎదురుగా, దాని ముఖం మీకు కనిపించే వైపు నిలబడి, ఆ కుడిచేతిలో పొడుగాటి శూలాన్ని ఊహించుకోండి. కాడ వచ్చి ముఖానికి అడ్డం పడుతుంది. అంత శ్రమపడి చెక్కిన ముఖాన్ని శిల్పి కర్రతో కప్పేస్తాడా? పొట్టి పిడుగైతే ఆ ఇబ్బంది లేదు. పండితుల్లో ఎక్కువమంది జియస్ వైపే మొగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. వాదన ఇంకా పూర్తిగా తెగలేదు గానీ మాకూ అదే సరైనదనిపిస్తుంది.

చేతిలో పిడుగు స్పష్టంగా కనిపిస్తున్నా ఒక్కోసారి మోసపోతాం. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో స్మిర్నా జూపిటర్ అనే పెద్ద పాలరాతి విగ్రహం ఉంది. 17వ శతాబ్దంలో స్మిర్నాలో (నేటి టర్కీలోని ఇజ్మీర్) దొరికి ఫ్రాన్స్‌కు చేరింది. అప్పట్లో పియేర్ గ్రానియే అనే శిల్పి దానికి పిడుగు పట్టుకున్న చెయ్యి కొత్తగా చెక్కి అతికించాడు. అంటే మనకు గుర్తుగా పనికొచ్చే ఆ చెయ్యే పాతది కాదు. అందుకని పిడుగు కనబడగానే భుజం, మోచెయ్యి, మణికట్టు దగ్గర అతుకు గీత ఉందేమో, రాయి రంగు మారిందేమో చూడాలి. లేబుల్‌లో ఏయే భాగాలు కొత్తవో రాసి ఉంటే అది చదివాకే ఒక మాట అనుకోవాలి.

ఇందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ బెర్లిన్‌లోని పెర్గమాన్ బలిపీఠం. క్రీ.పూ. 2వ శతాబ్దపు ఆ శిల్పపట్టిక ఎత్తు 2.3 మీటర్లు, పొడవు సుమారు 113 మీటర్లు. తూర్పు వైపు జియస్ ముగ్గురు రాక్షసులతో ఒకేసారి తలపడుతుంటాడు. ముఖం లేదు, ఎప్పుడో ఊడిపోయింది. అయినా అనుమానానికి తావు లేదు. ఎడమన కూలబడ్డ రాక్షసుడి తొడలో పిడుగు దిగబడి, బయటికొచ్చిన కొస మంటలా లేచి ఉంటుంది. కుడివైపు పాము కాళ్ల పోర్ఫిరియన్, అతని పాముల్లో ఒకదానితో కలబడుతూ గద్ద. చూడాలనుకుంటే బెర్లిన్ వెళ్లే ముందు మ్యూజియం వెబ్‌సైట్ చూసుకోండి, ఈ హాలును 2014లో మరమ్మతులకు మూశారు.

గుంపులో ఉంటే పీటలు లెక్కపెట్టండి. ఏథెన్స్ పార్థెనాన్ గుడి తూర్పు పట్టికలో దేవతలందరూ వీపు ఆనుకోవడానికి లేని పీటల మీద కూర్చుంటే, ఒక్క జియస్‌కే వీపు, చేతులు ఉన్న సింహాసనం. మన ఆఫీసుల్లో పెద్ద కుర్చీ ఎవరిదో కొత్తవాడికీ తెలిసిపోయినట్టే.

ఇక పక్కనున్నవాళ్లు. నల్లబొమ్మల కుండల మీద జియస్ కూర్చుని ఉండగా నెత్తి మీద కిరీటమో అలంకారమో అనిపించే చిన్న బొమ్మ ఉంటే దగ్గరికి వెళ్లి చూడండి. డాలు, ఈటె ఉంటే అది కూతురు ఎథీనా పుట్టుక, తండ్రి తలలోంచే బయటికొస్తోంది. పక్కన రెండంచుల గొడ్డలితో కమ్మరి దేవుడు హెఫైస్టస్, రెండు చేతులూ పైకెత్తిన పురుడు దేవత ఐలిథియా ఉంటే ఇక తిరుగులేదు. దీని వెనకున్నది జియస్ భయం. మొదటి భార్య మీటిస్‌కు కూతురి తర్వాత పుట్టే కొడుకు తన గద్దె లాక్కుంటాడని విని గర్భిణిగా ఉన్న ఆమెను మింగేశాడు. తండ్రి క్రోనస్ కూడా ఇదే భయంతో పిల్లల్ని మింగాడు. తండ్రిని దించిన కొడుక్కి తన కొడుకంటే నిద్రపట్టదు మరి.

భార్య హీరా పక్కన ఉంటే మణికట్టు చూడండి. సిసిలీలో సెలినుంటే గుడి నుంచి తెచ్చి పలెర్మోలో పెట్టిన ఒక ఫలకంలో జియస్ బండ మీద కూర్చుని, పైబట్ట నడుం దాకా జారి, ఎదుట నిలబడ్డ హీరా మణికట్టు పట్టుకుని ఉంటాడు. ఆమె మేలిముసుగు పక్కకు తీస్తుంటుంది. ఏదో గొడవ అనుకునే వీలుంది, కాదు. గ్రీకు బొమ్మల్లో మణికట్టు పట్టడం పెళ్లి గుర్తు, మన పాణిగ్రహణం లాంటిది. ఫలకమంతా సున్నపురాయి. హీరా ముఖం, చేతులు, పాదాలు మాత్రం తెల్ల పాలరాయితో చేసి అమర్చారు. పిడుగు జాడ లేదు.

పరస్త్రీల కోసం ఆయన వేసే వేషాలు గుర్తుపట్టడం ఇంకా తేలిక, ఎందుకంటే అక్కడ జియస్ మనిషి రూపంలోనే ఉండడు. ఎద్దు వీపున కొమ్ము పట్టుకుని అమ్మాయి కూర్చుని, కింద డాల్ఫిన్లు ఈదుతుంటే ఆ ఎద్దే జియస్, అమ్మాయి యూరోపా. మగవాడు ఎద్దుతో పెనుగులాడుతుంటే అతను హెరాక్లీసో థీసియసో అనే వీరుడు, ఆ ఎద్దు జియస్ కాదు. లీడా అనే ఆమె దగ్గర హంసగా, డనాయె అనే ఆమె ఒడిలో బంగారు చినుకులుగా ఉన్నదీ ఆయనే. ఒలింపియా మ్యూజియంలోని రంగుల మట్టిబొమ్మలో మాత్రం ఏ వేషమూ లేదు. ఒక చేత కర్ర, చంకలో కుర్రాడు, ఆ కుర్రాడి చేతిలో కోడిపుంజు. తండ్రి కొడుకును ఎత్తుకెళ్తున్నాడనుకుంటారు చాలామంది. ఆ కోడిపుంజు పెద్దవాళ్లు తాము మోజుపడిన కుర్రాళ్లకిచ్చే కానుక. కుర్రాడు గానిమీడ్, ఇది అపహరణ.

నెత్తిన గంపలాంటి కొలపాత్ర, నుదుటి మీదికి పడే జుట్టు పాయలు ఉంటే ఈజిప్టులో గ్రీకులు కొలిచిన దేవుడు సెరాపిస్. జియస్ జుట్టు నుదుటి దగ్గర పైకి లేచి ఇరుపక్కలా పడుతుంది. చెవుల దగ్గర పొట్టేలు కొమ్ములుంటే జియస్ అమ్మోన్, అంటే ఈజిప్టు దేవుడు అమున్‌తో కలిపేసిన జియస్. ఇన్ని చెప్పినా పనికిరాని చోటు ఒకటుంది. ఏథెన్స్ రేవు పిరియస్‌లో దొరికిన మొక్కుబడి రాళ్ల మీద చుట్టలు చుట్టుకున్న పెద్ద గడ్డపు పాము తప్ప ఏమీ ఉండదు. పైన ఉన్న అక్షరాలు మాత్రం ‘డియి మెయిలిఖియోయ్’, అంటే శాంతించే జియస్‌కు అని.

నాణేలైతే మొదట వెనకవైపు తిప్పి చూడండి. అలెగ్జాండర్ నాలుగు డ్రాక్మాల వెండి నాణెం సుమారు 17.2 గ్రాములు. ముందువైపు సింహం తోలు కప్పుకున్నది అలెగ్జాండర్ కాదు, హెరాక్లీస్. వెనకవైపు సింహాసనం మీద చాచిన కుడిచేతిపై గద్ద, ఎడమచేతిలో దండంతో ఉన్నవాడు జియస్. తక్షశిల ప్రాంతాన్నేలిన యవన రాజు అంతియాల్కిదాస్ నాణేల మీదా ఆయనే, గద్ద బదులు చేతిలో విజయదేవత నైకీ. ఈ రాజు పేరు విదిశ దగ్గర ఆయన రాయబారి హీలియోడోరస్ నిలిపిన గరుడ స్తంభం మీద కూడా ఉంది. నాణెం అరిగిపోయి నైకీ ఆనవాలు తెలియకపోతే సింహాసనం పక్కన వెతకండి. అక్కడ చిన్న ఏనుగు ఉంటుంది, ఏథెన్స్‌లో గానీ ఒలింపియాలో గానీ జియస్ పక్కన అది కనిపించదు.