పాత వెచ్చని కాలాల మోడల్‌లో ఈశాన్య రుతుపవనం తేడాగా వస్తోందా? ముందు క్యాలెండర్ చూడండి

చెన్నైలో చదువుకుంటూ పాత వాతావరణం మీద ప్రాజెక్టు చేసే మన తెలుగు విద్యార్థులకు దాదాపు ఒకే రకం చిక్కులు వస్తుంటాయి. చాలామంది వాడేది రెండు కాలాల డేటా: 6000 ఏళ్ల కిందటి మధ్య హోలోసీన్ (చివరి మంచు యుగం తర్వాతి కాలపు నడిభాగం), రెండు మంచు యుగాల మధ్య వచ్చిన 1,27,000 ఏళ్ల కిందటి వెచ్చని కాలం. పాత వాతావరణ మోడళ్లను పోల్చి చూసే పీఎమ్‌ఐపీ ప్రాజెక్టు కింద పలు దేశాల మోడళ్లను ఒకే షరతులతో నడిపి తీసిన డేటా ఇది.

సమస్య: వాన అంకెలు మరీ చిన్నగా ఉన్నాయి

స్క్రీన్ మీద 0.00005 కనిపిస్తే టెన్షన్ పడకండి. మోడల్ వానను చదరపు మీటరుకు, సెకనుకు ఇన్ని కిలోలు అని రాస్తుంది. 86400తో గుణిస్తే అది రోజుకు 4.32 మిల్లీమీటర్లు. నెల మొత్తం కావాలంటే ఆ మోడల్ ప్రకారం నెలకు ఎన్ని రోజులో చూడండి. కొన్ని మోడళ్లలో లీపు సంవత్సరం ఉండదు, కొన్నిటిలో ప్రతి నెలకూ 30 రోజులే.

సమస్య: జూన్-ఆగస్టు బాగానే ఉంది, అక్టోబరు-నవంబరు మాత్రం వింతగా ఉంది

1,27,000 ఏళ్ల కిందటి ఫలితం నుంచి పారిశ్రామిక యుగానికి ముందటి ఫలితాన్ని తీసేస్తే, వేసవి రుతుపవనం అనుకున్నట్టే బలంగా కనిపిస్తుంది. అక్టోబరుకు వచ్చేసరికి ఉత్తరార్ధగోళపు నేల ఉన్నట్టుండి చల్లబడినట్టు, నెల్లూరు నుంచి కిందికి తీరమంతా వాన తీరు మారినట్టు మ్యాపు చూపిస్తుంది. దాన్ని నమ్మి ఈశాన్య రుతుపవనం గురించి పేజీలు రాసేస్తారు. చెన్నై నీళ్లు చాలావరకు అక్టోబరు-డిసెంబరు వాన మీదే కాబట్టి ఆ ఉత్సాహం అర్థం చేసుకోదగ్గదే.

*కారణం:* ఇప్పుడు భూమి జనవరి మొదటివారంలో సూర్యుడికి దగ్గరగా వెళ్తుంది. అప్పట్లో జూన్ అయనాంతం (మనకు పగలు అతి పొడవుగా ఉండే రోజు) దరిదాపుల్లో వెళ్లేది. దగ్గరగా ఉన్నప్పుడు భూమి వేగంగా కదులుతుంది. అందుకే మార్చి విషువత్తు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు) నుంచి సెప్టెంబరు విషువత్తుకు ఇప్పుడు సుమారు 186 రోజులు పడుతుంటే, అప్పుడు 173 లేదా 174 రోజులే పట్టేది. ప్రయోగంలో మార్చి విషువత్తును 21వ తేదీకి కట్టేస్తారు. దాంతో రెండో విషువత్తు సెప్టెంబరు 10 ప్రాంతానికే వచ్చేస్తుంది. అంటే మోడల్ ‘అక్టోబరు’ అని చెప్పే నెల, రుతువు లెక్కలో మన అక్టోబరు కన్నా పన్నెండు రోజులకు పైగా చలికాలం వైపు జరిగి ఉంటుంది. డిసెంబరు అయనాంతానికి ఆ తేడా వారానికి తగ్గుతుంది. సరిగ్గా మన ఈశాన్య వానలు మొదలయ్యే సమయానికే తేడా ఎక్కువన్నమాట.

*పరిష్కారం:* నెలను తేదీలతో కాకుండా, కక్ష్యలో భూమి తిరిగిన కోణంతో కొలవండి. రోజువారీ డేటా ఉంటే దాన్నుంచే నెలలు కట్టుకోవడం మేలు. నెలవారీ డేటా మాత్రమే ఉంటే పేలియోక్యాల్‌అడ్జస్ట్ అనే ప్రోగ్రామ్ ఈ పని కోసమే ఉంది. సరిచేయక ముందు మ్యాపు, తర్వాత మ్యాపు పక్కపక్కన పెట్టండి. మాయమైనదంతా క్యాలెండర్ పనే, మిగిలినదాని గురించే రాయండి. 6000 ఏళ్ల కిందటి డేటాలో తేడా నాలుగు రోజులే, అయినా వదలొద్దు.

సమస్య: చెన్నై గడిలో వానకూ అసలు వానకూ పొంతన లేదు

మోడల్ భూమిని గడులుగా విడగొట్టి లెక్కగడుతుంది, ఒక్కో గడి వెడల్పు మామూలుగా 100 నుంచి 200 కిలోమీటర్లు. చెన్నై ఉన్న గడిలో చాలా భాగం బంగాళాఖాతమే కావచ్చు. పడమటి కనుమలు మోడల్‌లో ఎత్తు తగ్గి బోర్లించిన పళ్లెంలా మారిపోతాయి, వాటి వెనక వర్షచ్ఛాయ (కొండల చాటున వాన తగ్గడం) పలచబడుతుంది. ఒక్క ఊరి వానను మోడల్‌ను అడగడం న్యాయం కాదు. నెల్లూరు నుంచి నాగపట్నం దాకా తీరం సగటు తీయండి, అదే మోడల్ పారిశ్రామిక యుగానికి ముందటి ఫలితంతోనే పోల్చండి. డేటాను వేరే సైజు గడుల్లోకి మార్చేటప్పుడు మొత్తం వాన చెదరని పద్ధతి వాడండి.

సమస్య: మోడల్‌లో ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతూనే ఉంది

లోతు సముద్రం స్థిరపడటానికి వేల ఏళ్లు పడుతుంది. వాతావరణం పైఅంచున లోపలికి వచ్చే శక్తీ బయటికి పోయే శక్తీ సమానమయ్యాయో లేదో చూడండి. చివరి 100 ఏళ్లయినా సగటుకు తీసుకోండి, మోడల్ నడిచిన మొదటి భాగాన్ని ముట్టుకోవద్దు.

సమస్య: మోడల్ ఒకటి చెబుతోంది, మట్టి ఇంకొకటి చెబుతోంది

గోదావరి ముఖద్వారం దగ్గర సముద్రంలోంచి తీసిన మట్టి స్తంభంలో ఆకుల మైనపు అవశేషాలు దొరికాయి. వాటిలోని కార్బన్‌ను బట్టి, సుమారు 4000 ఏళ్ల కిందటి నుంచి పొడి నేలకు అలవాటుపడిన మొక్కలు పెరిగాయని తేలింది. అవి చెప్పేది మొక్కల సంగతి, మిల్లీమీటర్ల లెక్క కాదు. పైగా ఆ మైనపు నదీ పరీవాహకం అంతటి నుంచీ కొట్టుకొచ్చింది. కాబట్టి మోడల్‌లో గోదావరి పరీవాహకం మొత్తానికి జూన్-సెప్టెంబరు వాన తీసి పోల్చండి. చెన్నై ఈశాన్య వానకు దీన్ని సాక్ష్యంగా పెట్టకండి, అది వేరే రుతువు. గుహల్లోని సున్నపు స్తంభాల్లో ఆక్సిజన్ కూడా వాన ఎంత పడిందన్నదే కాక, ఆవిరి ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ మోసుకొస్తుంది. ఐసోటోపులను (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న అణువులను) లెక్కగట్టే మోడల్ దొరికితే నేరుగా పోల్చవచ్చు.

సమస్య: “అప్పుడు వేడి, వాన ఎక్కువ. రేపూ అంతేనా?” అని గైడ్ అడిగారు

6000 ఏళ్ల కిందటి ప్రయోగంలో కార్బన్ డయాక్సైడ్ 264 పీపీఎమ్ (గాలిలో పది లక్షల భాగాలకు 264) మాత్రమే. ఆ రుతుపవనాన్ని బలపరిచింది ఉత్తరార్ధగోళపు వేసవి ఎండ. వాయువుల వల్ల వచ్చే వేడి గురించి అయితే 32 లక్షల ఏళ్ల కిందటి ప్లయోసీన్ ప్రయోగం చూడండి, అందులో 400 పీపీఎమ్ పెడతారు. అక్కడ మంచు పలకలు, అడవులు కూడా వేరేగా ఉంటాయి. ప్రతి బొమ్మ కింద వేడికి కారణం కక్ష్యో, వాయువులో, మంచో రాసిపెట్టండి.