బిజినెస్‌కు ప్రాణాధారమైన డేటాబేస్ సర్వర్ ఎలా ఎంచుకోవాలి?

మందుల హోల్‌సేల్ వ్యాపారం తీసుకుందాం. నాలుగు గోడౌన్లు, ఒకేసారి 150 మంది బిల్లులు కొట్టే ఈఆర్పీ (బిల్లింగ్, స్టాక్ చూసుకునే సాఫ్ట్‌వేర్), దాని వెనక ఎస్‌క్యూఎల్ సర్వరో పోస్ట్‌గ్రెస్సో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. అది ఆగితే గోడౌన్లో బండి కదలదు. ఇలాంటి పనికి సర్వర్ కొనాలంటే చాలామంది మూడు కొటేషన్లు తెప్పించుకుంటారు. కోర్లెన్ని, జీబీలెన్ని అని పోల్చి ధర తక్కువున్నది ఖాయం చేస్తారు. కొటేషన్లో ‘ఎస్‌ఎస్‌డీ 1.92 టీబీ, 4’ అని, అంటే డేటా దాచే డిస్కులు నాలుగని, ఒక్క లైను ఉంటుంది. ఆ ఎస్‌ఎస్‌డీ ఏ రకమని ఎవరూ అడగరు. సర్వర్ మంచిచెడ్డలు తేలేది అక్కడే.

1. ముందు కొలవండి

ఇప్పుడున్న సర్వర్ మీద పెర్ఫార్మెన్స్ మానిటర్ (విండోస్‌లోనే ఉండే కొలత టూల్) పెట్టి, 15 సెకన్లకోసారి లెక్క తీస్తూ కనీసం నెల రోజులు వదిలేయండి. జీఎస్టీ రిటర్నుల 11, 20 తేదీలు, నెలాఖరు స్టాక్ లెక్కలు అందులో తప్పకుండా పడాలి. సగటు అంకెలు పక్కన పెట్టండి. ఉదయం 11 గంటల రద్దీలో సీపీయూ ఎంత, డిస్కుకు సెకనుకు ఎన్ని రాతలు వెళ్లాయి, ఒక్కో రాతకు ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది అన్నవి చాలు. దానికి రెండింతలు తట్టుకునే సర్వర్ తీసుకోండి. ఐదింతలు అక్కర్లేదు.

2. ప్రాసెసర్, మెమరీ

దీనికి ఎక్కువ సమయం పెట్టనవసరం లేదు. ఒకే సాకెట్ (అంటే ఒకే ప్రాసెసర్ చిప్), 16 కోర్లు, బేస్ వేగం 3 గిగాహెర్ట్జ్‌కు పైన. బిల్లింగ్ పనికి కోర్ల సంఖ్య కంటే ఒక్కో కోర్ వేగమే ముఖ్యం. పైగా ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్సును సాధారణంగా కోర్ల లెక్కనే కొంటారు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 స్టాండర్డ్ ఎడిషన్ 24 కోర్లకు మించి వాడుకోలేదు. 64 కోర్ల యంత్రం మీద దాన్ని కోర్ల లెక్క లైసెన్సుతో నేరుగా పెడితే డబ్బు 64 కోర్లకూ కట్టాలి, పని మాత్రం 24తోనే జరుగుతుంది.

మెమరీ ఈసీసీ ఆర్‌డిమ్ (తప్పులను పట్టి దిద్దే సర్వర్ మెమరీ) అయి తీరాలి. డీడీఆర్5 తరం మెమరీలో ‘ఆన్ డై ఈసీసీ’ ఎలాగూ ఉంది కదా అని సేల్స్ వాళ్లు అంటారు. అది చిప్ లోపలి తప్పులను దిద్దుకుంటుంది, చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో వచ్చే తప్పులను పట్టదు. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ నాలుగో, ఐదో తరాలకు ఎనిమిది మెమరీ ఛానళ్లు (ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య దారులు). 256 జీబీ కావాలంటే 32 జీబీవి ఎనిమిది పెట్టించండి. ‘తర్వాత పెంచుకోవచ్చు’ అని 64వి నాలుగు పెడితే సగం ఛానళ్లు ఖాళీగా ఉండి మెమరీ వేగం సగానికి పడుతుంది.

3. డిస్కులు: ఇక్కడ తొందరపడొద్దు

బిల్లు సేవ్ అయిన ప్రతిసారీ డేటాబేస్ తన లాగ్‌లో (మార్పులన్నీ వరసగా రాసే ఫైల్లో) ఒక లైను రాసి, ‘ఇది శాశ్వతంగా పడిందా?’ అని డిస్కును అడిగి జవాబు కోసం ఆగుతుంది. ‘పడింది’ అన్న జవాబు వచ్చాకే తెర మీద బిల్లు నంబరు కనిపిస్తుంది. కొనేటప్పుడు తేల్చుకోవాల్సింది ఆ జవాబు నిజమా కాదా అన్నదే.

మామూలు డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీ చాలావరకు ముందు తన లోపలి డీర్యామ్‌లో (కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో) రాసుకుని, తీరిగ్గా ఫ్లాష్‌లోకి (కరెంటు పోయినా నిలిచే చిప్‌లోకి) దింపుతుంది. ‘పడిందా?’ అని అడిగినప్పుడు నిజాయితీగా ఫ్లాష్‌లోకి దింపి జవాబిస్తే ఒక్కో కమిట్‌కు (బిల్లును ఖాయంగా సేవ్ చేయడానికి) మిల్లీసెకన్లు పడతాయి, 150 మంది వరసలో నిలబడతారు. దింపకుండానే ‘అయింది’ అంటే వేగంగా ఉంటుంది, కానీ ఆ క్షణాన కరెంటు పోతే బిల్లు పోతుంది. ఒక్కోసారి ఏ డేటా ఎక్కడుందో చెప్పే మ్యాపింగ్ పట్టిక కూడా చెడిపోయి, ఎప్పుడో రాసిన పాత డేటా సైతం దొరకదు.

ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీలో ‘పవర్ లాస్ ప్రొటెక్షన్’ ఉంటుంది. మూత తీసి చూస్తే బోర్డు అంచున పసుపుపచ్చ కెపాసిటర్లు వరసగా కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో వాటి బదులు గొట్టాల్లాంటి పెద్దవి ఉంటాయి. కరెంటు పోయిన ఆ కాసేపట్లో డీర్యామ్‌లో ఉన్నదంతా ఫ్లాష్‌లోకి దింపడానికి సరిపడా కరెంటు వాటిలో నిలవ ఉంటుంది. అందుకే ఆ డిస్కు డీర్యామ్‌లో పడగానే ‘అయింది’ అని చెప్పినా అది అబద్ధం కాదు. వేగం, భద్రత రెండూ వచ్చేది ఆ కెపాసిటర్ల వల్లే. డేటాషీట్‌లో ఆ మాట స్పష్టంగా లేని డిస్కు ఎంత చవకైనా వద్దు.

‘యూపీఎస్ ఉంది కదా’ అనే వాళ్లు చాలామంది. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోవచ్చు, మదర్‌బోర్డు కాలిపోవచ్చు, ఊడ్చడానికి వచ్చిన మనిషి కాలు తగిలి కేబుల్ ఊడిపోవచ్చు. ఈ మూడింటిలో యూపీఎస్ ఏమీ చేయలేదు.

రెయిడ్ కార్డు (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా నడిపేది) వాడితే అదే ప్రశ్న దాన్నీ అడగాలి. కార్డు మీది క్యాషేకు (తాత్కాలిక మెమరీకి) బ్యాటరీ గానీ సూపర్ కెపాసిటర్ గానీ ఉండాలి. సెట్టింగ్ ‘రైట్ బ్యాక్’లో, అంటే క్యాషేలో పడగానే ‘అయింది’ అనేలా, ఉంచండి. బ్యాటరీ లేకపోయినా బలవంతంగా రైట్ బ్యాక్‌లో నడిపే సెట్టింగ్ మరొకటి ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. బ్యాటరీ బలహీనపడితే కార్డు తనంతట తానే రైట్ త్రూకి (డిస్కుకు చేరాకే ‘అయింది’ అనే పద్ధతికి) మారిపోతుంది. ఆ రోజు నుంచి సర్వర్ ఈడుస్తుంది, అందరూ సాఫ్ట్‌వేర్‌ను తిడతారు. అందుకే బ్యాటరీ అలర్టు మీ ఫోనుకు వచ్చేలా పెట్టుకోండి.

డేటాబేస్‌కు రెయిడ్ 10 (ప్రతి డేటా రెండు డిస్కుల్లో ఉండే పద్ధతి) తప్ప మరొకటి పెట్టకండి. రెయిడ్ 5లో చిన్న రాత ఒక్కటి చేయాలంటే పాత డేటా, పాత ప్యారిటీ (ఒక డిస్కు పోతే దాని డేటాను తిరిగి లెక్కగట్టడానికి ఉంచేది) చదివి, కొత్తవి రెండూ రాయాలి, అంటే నాలుగు పనులు. రెయిడ్ 10లో రెండే. నాలుగు 1.92 టీబీ డిస్కులకు రెయిడ్ 5లో 5.76 టీబీ వస్తుందని, రెయిడ్ 10లో 3.84 మాత్రమే వస్తుందని వెండర్ లెక్క చూపిస్తాడు. స్థలం చాలకపోతే పెద్ద డిస్కులు కొనండి.

డిస్కు ఎంత రాతను భరిస్తుందో చెప్పే అంకె డీడబ్ల్యూపీడీ, అంటే రోజుకు డిస్కు మొత్తాన్ని ఎన్నిసార్లు నింపి రాయొచ్చో. 1.92 టీబీ డిస్కుకు అది 1 అయితే ఐదేళ్లలో సుమారు 3,500 టీబీ, 3 అయితే 10,500 టీబీ. లాగ్ ఫైళ్లున్న డిస్కులకు 3 తీసుకోండి. నాలుగూ ఒకే లాట్‌వి అయితే ఫర్మ్‌వేర్ (డిస్కు లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్ తప్పకుండా చూసుకోవాలి. 2019 నవంబరులో సర్వర్ల కంపెనీ హెచ్‌పీఈ తన ఎస్‌ఏఎస్ రకం ఎస్‌ఎస్‌డీలు కొన్నింటిపై హెచ్చరిక ఇచ్చింది. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయకపోతే అవి సరిగ్గా 32,768 గంటలు నడిచాక, అంటే 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలకు, ఆగిపోతాయని. ఒకే రోజు బిగించిన డిస్కులు ఒకేసారి పోతే ఏ రెయిడ్ అయినా ఏం కాపాడుతుంది?

ఇవన్నీ కాగితం మీద సరిపోయినా డబ్బు మొత్తం కట్టేయొద్దు. రెండు పరీక్షలు మీరే దగ్గరుండి చేయండి.

మొదటిది వేగం. లినక్స్‌లో ఎఫ్‌ఐఓ, విండోస్‌లో డిస్క్‌స్పీడ్ అనే ఉచిత టూల్స్ ఉన్నాయి. 8 కేబీ బ్లాకు, క్యూ డెప్త్ 1 (ఒకసారికి ఒక్క రాతే), ప్రతి రాత తర్వాతా సింక్ (శాశ్వతంగా పడిందా అని అడగడం), అరగంట పాటు. బ్రోషర్లో గొప్పగా చెప్పుకునే లక్షల ఐఓపీఎస్ (సెకనుకు ఎన్ని చదవడాలు, రాతలు అన్న లెక్క) సాధారణంగా క్యూ డెప్త్ 32, అంతకన్నా ఎక్కువ మీద తీసినవి, లాగ్ రాతకు పనికిరావు. వందకు 99 రాతలు 1 మిల్లీసెకను లోపు పూర్తి కావాలి. దాటితే డిస్కో, కార్డు సెట్టింగో తప్పు.

రెండోది ప్లగ్ పీకడం. సర్వర్‌లో అసలు డేటా ఇంకా ఏమీ లేనప్పుడే చేయాలి. మరో కంప్యూటర్ నుంచి 1, 2, 3 అంటూ వరస నంబర్లు ఒక టేబుల్‌లోకి కమిట్ చేస్తూ, ‘అయింది’ అని జవాబొచ్చిన నంబరును ఆ కంప్యూటర్లోనే ఫైల్లో రాయించండి. లోడు నడుస్తుండగా రెండు పవర్ కేబుళ్లూ ఒకేసారి లాగేయండి. షట్‌డౌన్, రీసెట్ బటన్, రిమోట్ పవర్ ఆఫ్ ఇవేవీ ఈ పరీక్షకు సాటిరావు. సర్వర్ లేచాక చూడండి. ఫైల్లో చివరి నంబరు 48,211 అయితే టేబుల్‌లో 48,211 ఉండాలి. 48,212 కూడా ఉంటే పర్వాలేదు, జవాబు దారిలో ఆగి ఉంటుంది. 48,190 దగ్గర ఆగిపోతే ఆ సర్వర్ వెనక్కి వెళ్లాలి. పదిసార్లు చేయండి, ఒక్కసారి నెగ్గినంత మాత్రాన నమ్మకండి.

4. కరెంటు, ర్యాక్, ఏసీ

పవర్ సప్లైలు రెండు, ఏ ఒక్కటైనా మొత్తం లోడు మోయగలగాలి. చెరొకటి వేరే యూపీఎస్‌కు వెళ్లాలి. రెండూ ఒకే స్పైక్ బస్టర్‌లో గుచ్చితే రెండు కొన్నా ఒకటే. 2యూ సర్వర్ (ర్యాక్‌లో రెండు అరల ఎత్తుది) లోతు 700 మిల్లీమీటర్లు దాటుతుంది, 600 లోతు నెట్‌వర్క్ ర్యాక్‌లో పట్టదు. 1,000 ఉన్న ర్యాక్ తీసుకోండి. గది 27 డిగ్రీలు దాటకూడదు. కరెంటు పోయి వచ్చాక స్ప్లిట్ ఏసీ తనంతట తాను ఆన్ అవుతుందో లేదో చూడండి. మే నెలలో, ఆదివారం పూట అది ఆన్ కాకపోతే గది కొలిమే.

5. సర్వీసు, చేతికి తీసుకోవడం

‘నాలుగు గంటల రెస్పాన్స్’ అంటే నాలుగు గంటల్లో బాగుచేస్తామని కాదు. మీ పిన్ కోడ్‌కు ఆ సర్వీసు ఉందా, విడిభాగాలు ఏ ఊళ్లో ఉంచారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. హైదరాబాద్‌లో ఇచ్చే మాట నరసరావుపేటకూ వర్తిస్తుందని అనుకోవద్దు. ఐడ్రాక్, ఐఎల్‌ఓ లాంటి రిమోట్ కన్సోల్‌కు (దూరం నుంచే సర్వర్‌ను చూసుకునేదానికి) పూర్తి లైసెన్సు కొటేషన్లోనే వేయించండి.

మొదటిది ఆగితే అందుకోవడానికి రెండో సర్వర్ పెడితే, దానికి చవక డిస్కులు పెట్టి మిగుల్చుకోవద్దు. సింక్రనస్ రెప్లికేషన్‌లో (ప్రతి మార్పూ రెండు సర్వర్లలోనూ పడాలనే పద్ధతిలో) ప్రతి కమిట్ అవతలి డిస్కు జవాబు కోసం కూడా ఆగుతుంది, కాబట్టి మొత్తం వేగం చవక డిస్కుదే అవుతుంది.

డెలివరీ అయ్యాక ఒక రోజంతా మెమరీ టెస్టు నడపండి. లోడు మీద ఒక పవర్ సప్లై లాగి చూడండి. ఒక డిస్కు పీకి కొత్తది పెట్టి, రీబిల్డ్‌కు (కొత్త డిస్కులోకి డేటా తిరిగి నింపడానికి) ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టుకోండి. చివరి చెక్కు ఆ తర్వాతే ఇవ్వండి.