స్పీడ్ రాకపోతే ఏమైనా చేయండి, రీసెట్ మాత్రం నొక్కకండి

పోయిన వారం మా బిల్డింగులో జరిగింది ముందు చెప్తాను. బెంగళూరులో మారతహళ్లి పక్కన మున్నెకొళాలలో ఉంటాం, బిల్డింగులో సగం మంది తెలుగువాళ్లే. రెండో అంతస్తులో ఉండే కడప అబ్బాయి కొత్తగా ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాడు, 200 ఎంబీపీఎస్ ప్లాన్. నాలుగు రోజులైనా ఫోన్‌లో 35, 40 దాటడం లేదు. తెల్లారితే ఇంటర్వ్యూ. టెన్షన్‌లో ఏదో వీడియో చూసి, రౌటర్ వెనకున్న చిన్న రంధ్రంలో సిమ్ పిన్ను పెట్టి అర నిమిషం నొక్కి పట్టుకున్నాడు. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. ఫైబర్ సిగ్నల్ వస్తోందని చూపించే పాన్ (PON) లైటు పచ్చగానే వచ్చింది, ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రగా ఉండిపోయింది. రాత్రి తొమ్మిదింటికి పైకొచ్చి "అన్నా, ఉన్న నలభై కూడా పోయింది, ఒకసారి చూస్తావా" అన్నాడు. వెళ్లి చూశాను గానీ నా చేతిలో ఏమీ లేదు. ఆ సాయంత్రమే గాలివానకు చెట్లు పడి చుట్టుపక్కల వైర్లు తెగాయి, టెక్నీషియన్లందరూ ఆ పని మీదే ఉన్నారు. మన దగ్గరికి మనిషి వచ్చేసరికి ఐదో రోజు. ఇంటర్వ్యూ ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇచ్చాడు, మధ్యలో రెండుసార్లు కాల్ తెగింది, ఆ ఉద్యోగం రాలేదు.

ఇంతకీ స్పీడ్ ఎందుకు రాలేదంటే, ఫోన్ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కనెక్ట్ అయి ఉంది. లిస్టులో దాని కిందే ఉన్న 5జీ పేరు (5 గిగాహెర్ట్జ్ వైఫై, మొబైల్ 5జీ కాదు) నొక్కి ఉంటే సరిపోయేది.

ఇలా రీసెట్ నొక్కి రోజుల తరబడి నెట్ లేకుండా కూర్చున్నవాళ్లను ఈ వీధిలోనే నలుగురిని చూశాను. వానాకాలంలో అయితే మరీ కష్టం, ఎందుకంటే బెంగళూరులో చాలా ఏరియాల్లో ఫైబర్ చెట్ల కొమ్మల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది, పెద్ద వాన పడితే ఒక్క రాత్రిలో వందల ఇళ్లకు పోతుంది. ఆ వరుసలో మీ వంతు వచ్చేదాకా ఆగాలి. అందుకే ఇది రాస్తున్నాను. స్విచ్ ఆపి వేయడం, ప్లాన్ సరిచూసుకోవడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

రీసెట్ అంటే ఏమవుతుంది

స్విచ్ ఆపి వేస్తే రౌటర్ నిద్రపోయి లేచినట్టు, లోపల ఉన్నవన్నీ అలాగే ఉంటాయి. రీసెట్ నొక్కితే టెక్నీషియన్ వచ్చిన రోజు కూర్చుని టైప్ చేసినవన్నీ చెరిగిపోతాయి: మీ కనెక్షన్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కంపెనీ వాళ్ల వీల్యాన్ నంబర్ (వాళ్ల నెట్‌వర్క్‌లో మీ లైను ఏ దారిలో వెళ్లాలో చెప్పేది). ఫైబర్‌లో వెలుతురు వస్తూనే ఉంటుంది కాబట్టి పాన్ లైటు పచ్చగా కనిపిస్తుంది, కానీ ఆ వివరాలు లేనిదే అవతలి సర్వర్ మిమ్మల్ని లోపలికి రానివ్వదు. కొన్ని కంపెనీల రౌటర్లు రీసెట్ తర్వాత సెట్టింగులు వాటంతట అవే తెచ్చుకుంటాయి, నిజమే. మీది అలాంటిదో కాదో నొక్కేముందు మీకు తెలియదు కదా. స్పీడ్ తగ్గడానికి ఉండే కారణాల్లో రీసెట్‌తో బాగుపడేవి దాదాపు ఏవీ లేవు. రీసెట్ నొక్కకండి.

కనెక్షన్ పెట్టిన రోజే చేయాల్సినవి

టెక్నీషియన్ ఇంట్లో ఉండగానే ఫైబర్‌లో వెలుతురు పవర్ ఎంత వస్తోందో మీటర్‌లో చూపించమని అడగండి. మైనస్ అంకె చూపిస్తుంది, డీబీఎంలో (వెలుతురు బలాన్ని కొలిచే లెక్క). ఇళ్లకు వచ్చే మామూలు ఫైబర్‌లో మైనస్ 8కీ మైనస్ 27కీ మధ్య ఉండాలి, మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. మైనస్ 26 ఉంటే ఇప్పటికి నడుస్తుంది గానీ ఒక వైరు కాస్త వంగినా, ఒక జాయింట్‌లో తడి చేరినా తెగిపోవడం మొదలవుతుంది. అప్పుడే, ఆయన బ్యాగు సర్దకముందే, స్ప్లైసింగ్ (ఫైబర్ అతుకు) మళ్లీ చేయించండి. అంకె ఫోటో తీసుకోండి. రౌటర్ కింద స్టిక్కర్ ఫోటో, వైర్లు ఏవి ఎక్కడ ఉన్నాయో వెనకవైపు ఫోటో, యూజర్ నేమ్ రాసిన కాగితం ఫోటో కూడా. ఏరియా టెక్నీషియన్ నంబర్ అడిగి తీసుకోండి.

రౌటర్ ఎక్కడ పెడుతున్నారో చూడండి. మన ఫ్లాట్లలో వైరు తలుపు దగ్గరికి వస్తుంది కాబట్టి అక్కడి రేకు డబ్బాలోనే పెట్టి మూసేసి వెళ్లిపోతారు. రేకు లోపలి నుంచి వైఫై బయటికి సరిగా రాదు. ఇంకో పది మీటర్ల వైరుకు డబ్బులు అడిగినా ఇచ్చి హాల్లో పెట్టించుకోండి.

స్పీడ్ ఎక్కడ పోతోందో కనుక్కోవడం

వైఫై మీద కొలిచిన స్పీడ్ పట్టుకుని కంపెనీతో గొడవపడొద్దు. ల్యాన్ కేబుల్‌తో లాప్‌టాప్ నేరుగా రౌటర్‌కి పెట్టి, మిగతా ఫోన్లు, టీవీ ఆపి కొలవండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే వీపీఎన్ తీసేసి కొలవాలి, లేకపోతే మీరు కొలిచేది మీ ఆఫీసు దారిని. కేబుల్‌తో 180, 190 వచ్చి వైఫైలో 40 వస్తే కంపెనీ తప్పు లేదు, సమస్య మీ గోడల మధ్యే ఉంది. అపార్ట్‌మెంట్లలో 2.4 బ్యాండ్ మీద పాతిక రౌటర్లు ఒకదాని మీద ఒకటి అరుస్తుంటాయి, ఒకదానికొకటి అడ్డం రాకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11 మూడే. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. అది గోడలు దాటడంలో బలహీనం, కాబట్టి వెనక గదికి రెండో యాక్సెస్ పాయింట్ (అక్కడ వైఫై ఇచ్చే ఇంకో డబ్బా) కావాలి.

కేబుల్‌తో కూడా సరిగ్గా 93, 94 దగ్గర ఆగిపోతుంటే సంతోషించండి, జబ్బు దొరికినట్టే. ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు పడింది. గిగాబిట్‌కి ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలూ కావాలి, కొసన నాలుగే క్రింప్ చేసి (బిగించి) ఉన్నా, ఒక్క తీగ తెగినా 100కి పడిపోతుంది. లేదా రౌటర్ పోర్టే 100ది ఇచ్చి ఉంటారు. అలా అయితే గిగాబిట్ పోర్టున్నది మార్చి ఇమ్మనండి, 200 ప్లాన్ అమ్మిన తర్వాత అది వాళ్ల బాధ్యత.

కేబుల్‌తో పొద్దున ఏడింటికి 190, రాత్రి తొమ్మిదింటికి 50 వస్తుంటే అది వీధిలో రద్దీ. కంపెనీ వైపున ఉండే ఒక పాన్ పోర్టు (ఫైబర్ లైను బయల్దేరే చోటు) మీద వచ్చే సుమారు 2.5 గిగాబిట్లను 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు, ఆ పైన కంపెనీ ఎంత లైను తీసుకుందన్నది ఇంకో లెక్క. మూడు రోజులు టైముతో సహా స్క్రీన్‌షాట్లు పెట్టుకుని కంప్లైంట్ ఇవ్వండి. వాళ్లు పట్టించుకోకపోతే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2012 నిబంధనల ప్రకారం కంపెనీలో అప్పిలేట్ అథారిటీ (అప్పీళ్లు వినే పై అధికారి) ఉంటుంది, ఫీజు లేకుండా అప్పీలు చేయొచ్చు.

ఈ కారణాల్లో ఒక్కటి కూడా పిన్నుతో పొడిస్తే పోయేది కాదు.

ఇంకొన్ని, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు:

డౌన్‌లోడ్ బాక్సులో 25 కనిపిస్తే భయపడకండి, అది సెకనుకు మెగాబైట్లు, ఎనిమిదితో గుణిస్తే 200.

ఏడాది డబ్బు ముందే కట్టకండి. ఒక నెల, ఒక పెద్ద వాన చూశాక కట్టండి.

ఫైబర్ పిన్ను పీకి, ఊది, మళ్లీ పెట్టకండి. వెలుతురు నడిచే దారి 9 మైక్రాన్లు, వెంట్రుక కన్నా చాలా సన్నం, మీ వేలి జిడ్డు చాలు స్పీడ్ పోవడానికి.

పచ్చ పిన్నును నీలం సాకెట్‌లో పెట్టకండి. రెండిటి మొనలు వేరు.

ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకండి. అందులోది కంటికి కనిపించని లేజరు. పిల్లలకు అందనివ్వకండి.

ఫైబర్ వైరు మీద మేకు కొట్టకండి, దాన్ని టీవీ వెనక బిగించి చుట్టకండి, తలుపు సందులోంచి లాగకండి.

కిటికీ రంధ్రంలోకి వచ్చే వైరు బయట కాస్త కిందికి వేలాడి పైకి రావాలి, లేకపోతే వాన నీళ్లు వైరు పట్టుకుని లోపలికి వస్తాయి.

ఉరుములప్పుడు అడాప్టర్ ప్లగ్గు తీసేయండి. గాజు తీగలో కరెంటు రాదు గానీ దాని పక్కన ఉండే ఉక్కు తీగలో వస్తుంది, అడాప్టర్ ద్వారానూ వస్తుంది.

అడాప్టర్ కాలిపోతే డ్రాయర్లో దొరికింది పెట్టేయకండి. వోల్టేజీ రౌటర్ మీద రాసినంతే ఉండాలి.

కస్టమర్ కేర్ నంబర్ గూగుల్‌లో వెతకకండి. బిల్లులోదో యాప్‌లోదో వాడండి. స్పీడ్ పెంచుతామని ఫోన్ చేసి స్క్రీన్ చూపించే యాప్ వేయమంటే ఫోన్ కట్ చేసేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇంటర్వ్యూ, పరీక్ష, ఏదైనా ముఖ్యమైంది ఉంటే ముందు రోజు రౌటర్ ముట్టుకోకండి. నలభై వస్తే నలభైతోనే కానివ్వండి, వీడియో కాల్‌కి అందులో పదో వంతు చాలు.

రీసెట్ నొక్కకండి. స్నేహితుడు చెప్పినా, వీడియోలో చెప్పినా. కస్టమర్ కేర్ వాళ్లు నొక్కమంటే, సెట్టింగులు మళ్లీ మీ వైపు నుంచి పంపగలరా అని అడిగి, అవునంటేనే, వాళ్లు లైనులో ఉండగానే నొక్కండి.

ఇప్పటికే నొక్కేసి ఉంటే ఇక దేన్నీ కదపకండి, పాస్‌వర్డులు ఊహించి కొట్టకండి. ఫోన్ చేసి "నెట్ స్లో" అనకండి, ఆ వరుస చాలా పొడుగు. రౌటర్ రీసెట్ అయింది, కాన్ఫిగరేషన్ పెట్టాలి అని చెప్పండి, చాలాసార్లు మనిషి రాకుండా అక్కడి నుంచే చేసేస్తారు. టెక్నీషియన్ కన్నడం మాట్లాడే మనిషైతే "రౌటర్ రీసెట్ ఆగిదె, కాన్ఫిగరేషన్ మాడ్బేకు" అనండి. ఇదే మాట కంప్లైంటులో రాయించి డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబర్) తీసుకోండి.