ఇటలీకి కొత్తగా వచ్చినవారికి: పొలెంటా, రిసొట్టో, తిరమిసు ఇంట్లో చేసుకోవడం

ఇటలీలో దిగగానే మనవాళ్లు ముందు వెతికేది ఇండియన్ షాపు. వెతకండి, కందిపప్పు, చింతపండు లేనిదే ఇల్లు గడవదు. అయితే వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో దొరికే సరుకులతో ఇక్కడి ఇళ్లలో చేసుకునే వంటలు కొన్ని తెలుగు చేతికి ఇట్టే పట్టుబడతాయి. మన అలవాట్లు అడ్డం పడే చోట్లే వంట చెడుతుంది.

ముందుగా చిన్న డిజిటల్ త్రాసు కొనండి. ఇక్కడి కొలతలన్నీ గ్రాముల్లోనే. చీజ్ కౌంటర్ దగ్గర 'ఎట్టో' అంటే 100 గ్రాములు. వంట పుస్తకంలో 'క్యూ.బి.' అని కనిపిస్తే అది మన 'తగినంత'. ఓవెన్‌లో 'వెంటిలాతో' పెడితే ఫ్యాన్ తిరుగుతుంది, అప్పుడు చెప్పిన వేడికంటే 20 డిగ్రీలు తగ్గించుకోండి.

శాకాహారులు ఇక్కడ కాస్త నిదానించి చదవాలి. పాలు, గుడ్డు లాంటి అలర్జీ పదార్థాలను లేబుల్ మీద ముద్దక్షరాల్లోనో, వేరుగా కనిపించేలాగో వేస్తారు. జంతు కొవ్వు, రెన్నెట్ అలర్జీ జాబితాలో లేవు కాబట్టి అవి మామూలు అక్షరాల్లో కలిసిపోతాయి. 'స్ట్రుట్టో' అంటే పంది కొవ్వు, పియాదీనా రొట్టెల్లో తరచు ఉంటుంది. 'కాల్యో' అంటే పాలు విరగ్గొట్టే రెన్నెట్. పార్మిజానో రెజ్జానో, గ్రానా పదానో అనే గట్టి చీజ్‌లలో అది దూడ కడుపు నుంచి తీసినదే. వద్దనుకుంటే 'కాల్యో వెజెతాలే' లేదా 'మిక్రోబికో' అని రాసి ఉన్న చీజ్ తీసుకోండి. మీగడతో చేసే మెత్తటి చీజ్ మస్కర్పోనేను పులుపుతో విరగ్గొడతారు, రెన్నెట్ పడదు. పన్నా కొట్టా అనే మీగడ తీపిలో వేసే 'కొల్లా ది పేషే' అంటే జంతువుల నుంచి తీసే జెలటిన్. బదులుగా అర లీటరు మీగడ, పాల మిశ్రమానికి 2 గ్రాముల అగర్ పొడి వేసి రెండు నిమిషాలు మరిగించాలి. మరగకపోతే అది పేరుకోదు.

మొదటి వంటగా పొలెంటా చేయండి. ఉత్తర ఇటలీవాళ్ల సంకటి ఇది. 'ఫరీనా ది మాయిస్' (మొక్కజొన్న పిండి) పొట్లం మీద 'బ్రమాతా' అని ఉన్న బరక పిండి 250 గ్రాములు, నీళ్లు లీటరు, ఉప్పు 8 గ్రాములు. 'అమిదో ది మాయిస్' తెచ్చారంటే అది మన కార్న్‌ఫ్లోర్, పనికిరాదు. సంకటికి పిండంతా మధ్యలో కుప్పగా పోసి, మూతపెట్టి, తర్వాత తెడ్డుతో గెలుకుతాం. పొలెంటాకు అలా చేస్తే ఉండ పైభాగం ఉడికి బిగుసుకుపోయి లోపల పొడిపిండి మిగులుతుంది. మరుగుతున్న నీళ్లలో ఒక చేత్తో పిండి జల్లులా రాలుస్తూ, రెండో చేత్తో ఆపకుండా కలపాలి. తర్వాత సన్నటి సెగ మీద 40 నుంచి 45 నిమిషాలు, అప్పుడప్పుడు కలుపుతూ ఉడకనివ్వండి. గిన్నె అంచుల్ని వదిలేస్తూ ముద్ద దగ్గరపడితే అయినట్టే. మిగిలింది పళ్లెంలో పరిచి, మర్నాడు ముక్కలు కోసి పెనం మీద నూనెతో ఎర్రగా కాల్చుకోండి. వేడి ముద్దకంటే ఈ ముక్కలే రుచి.

రిసొట్టో అంటే చిక్కగా, జారుగా వండే అన్నం. దీనికి బియ్యం కడగకూడదు. ఈ మాట మన చేతులకు ఎంత చెప్పినా చాలదు. గింజ మీది పిండి కరిగి పులుసులా చిక్కబడితేనే అది రిసొట్టో, కడిగితే ఆ పిండి తూములో పోతుంది. కార్నరోలి లేదా అర్బోరియో రకం కొనండి, ఇద్దరికి 160 గ్రాములు. ఉల్లిపాయ, క్యారెట్, సెలెరీ కాడలు లీటరున్నర నీళ్లలో 40 నిమిషాలు మరిగించి ఆ కషాయం పక్క పొయ్యి మీద వేడిగానే ఉంచండి. 20 గ్రాముల వెన్నలో సన్నగా తరిగిన అర ఉల్లిపాయ రంగు మారకుండా మగ్గించి, బియ్యం వేసి రెండు నిమిషాలు వేయించండి. గింజ అంచు అద్దంలా మెరిసి నడుమ తెల్లగా ఉండాలి. ఇక్కడివాళ్లు ఈ దశలో కాస్త వైన్ పోస్తారు, వద్దనుకుంటే దించాక నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. గరిటెడు గరిటెడుగా వేడి కషాయం పోస్తూ 16 నుంచి 18 నిమిషాలు ఉడికించండి. చల్లది పోస్తే ఉడుకు ఆగిపోయి, పైన చితికి లోపల పలుకుగా మిగులుతుంది. మిలాన్ పద్ధతిలో కావాలంటే చివర్లో వేడి కషాయంలో నానబెట్టిన కుంకుమపువ్వు కలపండి. పొయ్యి ఆర్పి ఒక నిమిషం ఆగి, 20 గ్రాముల చల్లటి వెన్న, 30 గ్రాముల తురిమిన చీజ్ వేసి గట్టిగా తిప్పండి. మంట మీద చీజ్ వేస్తే తీగలుగా సాగి ముద్దకడుతుంది. పళ్లెం వంచితే అలలా జారాలి, కుప్పగా నిలబడితే కషాయం తక్కువైంది.

కాఫీలో ముంచిన బిస్కెట్ల తీపి తిరమిసుకు మస్కర్పోనే 500 గ్రాములు, గుడ్లు 4, పంచదార 100 గ్రాములు, సవోయార్ది బిస్కెట్లు 300 గ్రాములు, చిక్కటి కాఫీ 300 మిల్లీలీటర్లు. పొయ్యి మీద కాఫీ కాచే మోకా పాత్రలో నీళ్లు వాల్వ్ కిందికే ఉండాలి, పొడిని అదమకూడదు. అల్యూమినియం మోకా ఇండక్షన్ మీద పనిచేయదు, స్టీలుది చూసుకోండి. ఇక్కడ గుడ్లు పచ్చివే వాడతారు. అది ఇష్టం లేకపోతే పచ్చసొన, పంచదార కలిపిన గిన్నెను మరిగే నీళ్ల ఆవిరి మీద పెట్టి 70 డిగ్రీలు దాటేదాకా గిలకొట్టి చల్లార్చండి. తెల్లసొన మానేసి 200 మిల్లీలీటర్ల మీగడ నురగలా కొట్టి కలపండి. మస్కర్పోనేను మిక్సర్‌తో ఎక్కువసేపు కొడితే పెరుగు చిలికినట్టే వెన్న విడిపోతుంది, మళ్లీ కలవదు. గరిటెతోనే మెత్తబరచి గుడ్ల మిశ్రమంలో కలపండి. కాఫీ పూర్తిగా చల్లారాకే బిస్కెట్‌ను ఒక్క క్షణం ముంచి తీయాలి. పెరుగులో వేసిన గారెలా నాననిస్తే అడుగున కాఫీ మడుగు కడుతుంది. బిస్కెట్లు ఒక వరస, మస్కర్పోనే మిశ్రమం ఒక వరసగా పేర్చి, ఫ్రిజ్‌లో ఆరు గంటలు ఉంచి, తినేముందు కోకో చల్లండి. సవోయార్దిలోనూ గుడ్డు ఉంటుంది. అసలు గుడ్డే తినని ఇంట్లో 'ఉవోవా' (గుడ్లు) అన్న పదం లేని బిస్కెట్లు వెతుక్కోవాలి.

గుడ్డు, పాలు, పంచదార ఏవీ లేని తీపి టస్కనీవాళ్ల కస్తన్యాచ్చో. శీతాకాలం మొదట్లో కొత్త చెస్ట్‌నట్ పిండి వచ్చినప్పుడు చేయండి, పాతపిండి చేదెక్కుతుంది. 300 గ్రాముల పిండి జల్లించి, చిటికెడు ఉప్పు, 400 మిల్లీలీటర్ల నీళ్లతో దోసెల పిండి జారుగా కలపండి. రెండు చెంచాల ఆలివ్ నూనె, గుప్పెడు నానిన ఎండుద్రాక్ష వేసి, నూనె రాసిన పళ్లెంలో సెంటీమీటరు మందాన పోయండి. పైన పైన్ గింజలు, రోజ్‌మేరీ ఆకులు చల్లి 190 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు కాల్చాలి. పైన ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు వస్తే తీసేయండి. అది పొంగదు, లోపల తడిగానే ఉంటుంది, ఉడకలేదని మళ్లీ ఓవెన్‌లో పెట్టకండి.